శ్వాసనాళం కుంగిన చిన్న కుక్కకు ఆపరేషన్ చేయించాలా? నిర్ణయానికి వచ్చే పద్ధతి

పామెరేనియన్, యార్క్‌షైర్ టెర్రియర్, చివావా, టాయ్ పూడిల్ వంటి చిన్న కుక్కలను పెంచుకునే ఇళ్లలో తరచుగా ఎదురయ్యే సమస్య ఇది. నడివయసు దాటిన కుక్క గొలుసు లాగినప్పుడో, ఇంటికి వచ్చినవారిని చూసి గంతులు వేసినప్పుడో బాతు అరిచినట్టు పొడిగా, గట్టిగా దగ్గుతుంది. వారానికొకసారి వచ్చే దగ్గు కొన్నాళ్లకు రోజూ వస్తుంది. ఎక్స్‌రే తీయించాక డాక్టరుగారు శ్వాసనాళం కుంగిందని, దీన్ని ట్రాకియల్ కొలాప్స్ అంటారని, నాళాన్ని తెరిచి ఉంచే స్టెంట్ అనే జాలీ గొట్టాన్ని లోపల వేయవచ్చు గానీ ప్రమాదం లేకపోలేదని చెబుతారు. ఇంటికి చేరేసరికి ఒకరు వెంటనే చేయించాలంటారు, మరొకరు ఈ వయసులో దాన్ని బాధపెట్టవద్దంటారు. రెండూ ప్రేమతో అన్న మాటలే కాబట్టి వాదనతో తేలేది ఏమీ ఉండదు.

మా ఇంట్లోనూ ఈ చర్చ దాదాపు రెండేళ్లు నడిచింది. ఆ రెండేళ్లలో డాక్టర్లను అడిగీ, చదివీ, రాత్రుళ్లు కుక్క పక్కన కూర్చునీ తెలుసుకున్నదాన్ని ఒక క్రమంలో పెట్టి ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. ఈ ఆపరేషన్ గురించి దగ్గును బట్టి కాకుండా శ్వాసను బట్టి నిర్ణయించాలి. ఆ నిర్ణయం కూడా కుక్కకు ఊపిరాడని రాత్రి ఆసుపత్రి వరండాలో కాక, అది ప్రశాంతంగా నిద్రపోతున్న రోజున ఇంట్లో కూర్చుని తీసుకోవాలి.

లోపల జరిగేది ఏమిటి

కుక్క శ్వాసనాళంలో సుమారు 35 నుంచి 45 మృదులాస్థి వలయాలు ఉంటాయి. అవి పూర్తి వలయాలు కావు, ఒకచోట విరిగిన గాజుల్లా ఉంటాయి. ఆ విరిగిన భాగం వీపు వైపు ఉంటుంది, దాన్ని పలుచని పొర ఒకటి కప్పి ఉంచుతుంది. కొన్ని చిన్న జాతుల్లో ఈ మృదులాస్థి క్రమంగా బిగువు కోల్పోయి మెత్తబడుతుంది. అప్పుడు గాజు గుండ్రదనం పోయి సాగిపోతుంది, పైపొర లోపలికి వేలాడుతుంది. మెత్తటి స్ట్రాతో చిక్కటి లస్సీని గట్టిగా పీలిస్తే స్ట్రా రెండు గోడలూ అతుక్కుపోయినట్టే, కుక్క గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు మెడలోని నాళం మూసుకుపోతుంది. ఛాతీలోపలి భాగం మాత్రం ఊపిరి వదిలేటప్పుడు, దగ్గేటప్పుడు మూసుకుంటుంది. ఒకే కుక్కలో రెండు భాగాలూ దెబ్బతిని ఉండవచ్చు.

నాళం లోపలి చోటు ఎంత తగ్గిందన్నదాన్ని బట్టి నాలుగు దశలుగా చెబుతారు. మొదటి దశలో పావు వంతు, రెండో దశలో సగం, మూడో దశలో ముప్పావు వంతు మూసుకుపోతుంది, నాలుగో దశలో దాదాపు పూర్తిగా అతుక్కుపోతుంది. ఈ అంకె విని భయపడి నిర్ణయం తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. మూడో దశలో ఉండి కూడా హాయిగా తిని తిరిగే కుక్కలు ఉన్నాయి, రెండో దశలోనే గుండె జబ్బు, ఊబకాయం తోడై అల్లాడిపోయే కుక్కలూ ఉన్నాయి.

గుర్తు పెట్టుకోవలసిన మరో సంగతి ఏమిటంటే, దగ్గే దగ్గును పెంచుతుంది. దగ్గినప్పుడల్లా నాళం గోడలు ఒకదానికొకటి రాసుకుని వాస్తాయి, వాపు వల్ల కఫం చేరుతుంది, కఫం వల్ల మళ్లీ దగ్గు వస్తుంది. మందులతో చేసే చికిత్స అంతా ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచడానికే.

ముందు జబ్బు అదేనని రూఢి చేసుకోవాలి

మా చిట్టికి తొమ్మిదో ఏట దగ్గు మొదలైనప్పుడు గొంతులో ఎముక ఇరుక్కుందేమో అనుకుని మా అమ్మ నోరు తెరిచి వేలితో వెతికింది. అలా చేయకూడదు. ఊపిరి అందని కుక్క భయంతో కరుస్తుంది, పెనుగులాటలో నాళం ఇంకా మూసుకుంటుంది. ఆ తరువాత ఒక క్లినిక్‌లో దాదాపు నాలుగు నెలలపాటు కెన్నెల్ కాఫ్ (కుక్కల్లో అంటుకునే దగ్గు) అని యాంటీబయాటిక్‌లు మార్చి మార్చి ఇచ్చారు. వాళ్లది దురుద్దేశం కాదు గానీ, ఛాతీ ఎక్స్‌రే తీయమని మేము మొదటి నెలలోనే అడిగి ఉండవలసింది.

చిన్న జాతి కుక్కల్లో వయసు పైబడ్డాక గుండెలోని మైట్రల్ కవాటం లీక్ కావడం మామూలు. గుండె ఎడమ భాగం పెరిగి పైనున్న శ్వాసనాళికను నొక్కితే దగ్గు వస్తుంది. గుండె విఫలమై ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఆయాసం వస్తుంది. ఆ ఆయాసానికి నాళంలో స్టెంట్ వేసి ప్రయోజనం లేదు. కాబట్టి గుండె చప్పుడులో మర్మర్ అనే అసాధారణ శబ్దం వినిపిస్తే, గుండెకు చేసే స్కానింగ్ అయిన ఎకో పరీక్ష చేయించకుండా ఆపరేషన్ మాట ఎత్తకూడదు. స్వరపేటిక సరిగా తెరుచుకోకపోవడం, ఒంట్లో స్టెరాయిడ్ హార్మోను ఎక్కువయ్యే కుషింగ్స్ వ్యాధి, ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ ఇవన్నీ కూడా విడిగా ఉండవచ్చు, కలిసీ ఉండవచ్చు.

ఎక్స్‌రే ఒక్క క్షణపు బొమ్మ. నాళం ఆ క్షణంలో తెరుచుకుని ఉంటే బొమ్మ బాగానే కనిపిస్తుంది. అందుకే ఊపిరి పీల్చినప్పుడు ఒకటి, వదిలినప్పుడు ఒకటి తీయమని అడగాలి. కదలికను చూపే ఫ్లోరోస్కోపీ ఉన్నచోట కుక్క దగ్గుతుండగానే నాళం ఎక్కడ, ఎంత మూసుకుంటోందో తెలుస్తుంది. అన్నిటికన్నా స్పష్టంగా చూపేది మత్తు ఇచ్చి లోపలికి కెమెరా పంపే స్కోపీ. దానివల్ల స్వరపేటిక కదలిక, నాళంలోంచి ఊపిరితిత్తులకు చీలే గొట్టాల స్థితి కూడా తెలుస్తాయి. ఆ చిన్న గొట్టాలు కూడా కుంగి ఉన్నాయా లేదా అన్నది ఆపరేషన్ నిర్ణయంలో అతి ముఖ్యమైన సమాచారం, దీని గురించి తరువాత చెబుతాను. అయితే స్కోపీకి కూడా మత్తు కావాలి కాబట్టి, ఆపరేషన్ ఆలోచన నిజంగా ఉన్నప్పుడే ఆ పరీక్షకు వెళ్లడం సబబు.

మీది పగ్ అయితే ఒక్క మాట. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ వంటి చప్పిడి ముఖం కుక్కల్లో ఇబ్బంది ఎక్కువగా ముక్కు రంధ్రాలు ఇరుకుగా ఉండడం, మెత్తటి అంగిలి పొడుగ్గా సాగి గొంతుకు అడ్డుపడడం వల్ల వస్తుంది. అక్కడ లెక్క వేరు. అవసరం ఉందని తేలిన కుక్కకు ఆలస్యం చేసినకొద్దీ స్వరపేటిక కూడా కుంగుతుంది కనుక చిన్న వయసులో చేయించడమే మేలు. ఈ వ్యాసంలో నేను వేచి చూడమంటున్న సలహా వాటికి వర్తించదు.

ఆపరేషన్ కన్నా ముందు నిజాయతీగా చేయవలసిన పని

1994లో బ్రిటన్‌లో ఈ జబ్బు ఉన్న నూరు కుక్కల వివరాలు ప్రచురించారు. వాటిలో 71 శాతం కుక్కలకు మందులతో, జాగ్రత్తలతో ఏడాదికి పైగా లక్షణాలు అదుపులో ఉన్నాయి. అంటే పదింట ఏడు ఇళ్లలో ఆపరేషన్ ప్రశ్నను కనీసం ఏడాదిపాటు పక్కన పెట్టవచ్చు. అయితే ఆ జాగ్రత్తలు పేరుకు చేసినవి కాకూడదు. "మందులు వాడాం, తగ్గలేదు" అనే ఇళ్లలో చాలామటుకు కుక్క బరువు ఒక్క గ్రాము కూడా తగ్గి ఉండదు.

అన్నిటిలోకీ బరువే ముఖ్యం. మెడ చుట్టూ, ఛాతీ లోపల పేరుకున్న కొవ్వు నాళాన్ని బయటినుంచి నొక్కుతుంది, ఉబ్బిన పొట్ట ఊపిరితిత్తులకు చోటు లేకుండా చేస్తుంది. చేతితో పక్కటెముకలను తడిమి చూడండి. గట్టిగా నొక్కకుండానే ఎముకలు చేతికి తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనిపించాలి. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వేసే కొలమానంలో డాక్టర్లు 4 లేక 5 ఇస్తే సరైన బరువని అర్థం. 5 దాటిన ప్రతి అంకెకూ సుమారు పది శాతం అదనపు బరువు ఉన్నట్టు. ఇక్కడ మనవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. మన ఊళ్లలో పామెరేనియన్ అని పిలిచే తెల్ల కుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ జాతివి, అవి ఎముక నిర్మాణంలోనే పెద్దవి. పామెరేనియన్ మూడు కిలోలు ఉండాలని ఎక్కడో చదివి ఐదున్నర కిలోల స్పిట్జ్‌ను పస్తు పెట్టకూడదు. మీ కుక్క లక్ష్యం ఎంతో మీ డాక్టరే చెప్పాలి.

చిట్టి అప్పుడు 6.8 కిలోలు ఉంది, లక్ష్యం 5.6 కిలోలు. వారానికి ఒకటి నుంచి రెండు శాతం, అంటే దానికి సుమారు వంద గ్రాములు తగ్గితే చాలన్నారు. మా డాక్టరుగారు మా అమ్మతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "అమ్మా, మీరు పెట్టే పెరుగన్నం ముద్ద మీకు చిన్నదే, దానికి మాత్రం రోజు మొత్తం తిండిలో సగం." ఆ రోజు నుంచి వంటింట్లో త్రాసు మీద తూచి పెట్టాం. బిస్కెట్లు మానేసి, ఉడకబెట్టిన బీన్స్ ముక్కలు చిరుతిండిగా ఇచ్చాం. పక్కింటి పిల్లలకు కూడా బతిమాలి చెప్పుకున్నాం. మూడున్నర నెలలకు లక్ష్యం చేరింది, అప్పటికి రోజుకు పదిహేను ఇరవైసార్లు వచ్చే దగ్గు మూడు నాలుగుసార్లకు దిగింది. మందుల మోతాదు ఏమీ పెంచకుండానే ఆ మార్పు వచ్చింది.

మెడ పట్టీ తీసేసి ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్ వేయడం ఈ రోజే చేయవలసిన పని. పొగ విషయంలో మన ఇళ్లకు ప్రత్యేకమైన ఇబ్బందులున్నాయి. అగరబత్తి, సాంబ్రాణి ధూపం, దోమల కాయిల్, ఎండుమిర్చి తాలింపు ఘాటు ఇవన్నీ దెబ్బతిన్న నాళానికి గరుకు కాగితంలాంటివి. పూజ మానమని ఎవరూ చెప్పరు. ఆ గంటసేపు కుక్కను మరో గదిలో ఫ్యాన్ కింద ఉంచి తలుపు వేస్తే సరిపోతుంది. దీపావళి నాటి పొగకూ చప్పుడుకూ మాత్రం ముందే డాక్టరును కలిసి ఉద్రేకాన్ని తగ్గించే మందు రాయించుకోవాలి. ఎండాకాలం సంగతి వేరే చెప్పనక్కరలేదు. కుక్క ఒంటిని చల్లబరచుకునేది ఎక్కువగా రొప్పడం ద్వారానే, రొప్పినకొద్దీ నాళం కొట్టుకుంటుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో అలాంటి కుక్కను ఉదయం ఆరింటికి ముందో రాత్రి తొమ్మిది తరువాతో తప్ప బయటికి తీసుకుపోకూడదు.

మందుల్లో దగ్గును అణచేవి, నాళికలను వెడల్పు చేసేవి, వాపు తగ్గించే స్టెరాయిడ్, ఆందోళన తగ్గించేవి ఉంటాయి. స్టెరాయిడ్ కొద్దిరోజులకే పరిమితం కావాలి, ఎందుకంటే అది ఆకలిని పెంచి, మీరు కష్టపడి తగ్గించిన బరువును తిరిగి తెస్తుంది. మనుషుల దగ్గు సిరప్‌ను మాత్రం ఎవరు చెప్పినా సొంతంగా పోయవద్దు. వాటిలో కొన్నిటిలో ఉండే పారాసెటమాల్, జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కలకు ప్రాణాంతకం కాగలవు.

ఇవన్నీ కనీసం రెండు మూడు నెలలు శ్రద్ధగా చేసి చూశాకే ఆపరేషన్ ప్రశ్న మొదలవుతుంది. ఈలోగా ఊపిరే అందని పరిస్థితి వస్తే ఆగకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ఊపిరిని లెక్కపెట్టడం

కుక్క గాఢంగా నిద్రపోయాక దాని పక్కన కూర్చోండి. ఫోనులో నిమిషం పెట్టుకుని ఛాతీ ఎన్నిసార్లు లేచి పడుతోందో లెక్కించండి. లేవడం, పడడం కలిపి ఒక్కటే లెక్క. నిద్రలో నిమిషానికి 30 దాటకూడదు. వరుసగా దాటుతూ ఉంటే, అందులోనూ గుండె జబ్బు ఉన్న కుక్కకు, మర్నాటిదాకా ఆగకుండా డాక్టరును పిలవాలి. చిట్టికి మామూలుగా 18 నుంచి 22 ఉండేది. వంటింటి క్యాలెండరులో తేదీ పక్కన ఎర్ర సిరాతో ఆ అంకె రాసేవాళ్లం, కింద దగ్గు ఎన్నిసార్లో, ఆ రోజు తిన్నదో లేదో రాసేవాళ్లం. డాక్టరు దగ్గర "ఈ మధ్య కొంచెం ఎక్కువగానే ఉందండీ" అనడానికీ, మూడు నెలల క్యాలెండరు కాగితాలు చేతికివ్వడానికీ చాలా తేడా ఉంది. దగ్గు వచ్చినప్పుడు వీడియో తీసి ఉంచుకోవడం కూడా అంతే అవసరం, ఎందుకంటే ఆసుపత్రి బల్ల మీద అది ఎప్పుడూ దగ్గదు.

గమనించవలసిన అసలైన గుర్తులు వేరు. దగ్గు లేనప్పుడు కూడా ఊపిరి కోసం పొట్ట లోపలికి లాగుతోందా, పడుకోలేక కూర్చుని మెడ చాచి నిద్రపోతోందా, నాలుక, చిగుళ్లు ఎప్పుడైనా నీలంగా మారాయా, రెండడుగులు నడిచి కూలబడిందా, సొమ్మసిల్లిందా అని చూడాలి. రోజుకు ముప్ఫైసార్లు దగ్గినా మధ్యలో హాయిగా ఊపిరి తీసే కుక్కకు ఈ ఆపరేషన్ సాధారణంగా సరికాదు. తక్కువగా దగ్గినా పై గుర్తులు ఉన్న కుక్క మందులకు లొంగకపోతే, దాన్ని ఆపరేషన్ కోసం చూపించడం న్యాయం. దగ్గు వినేవారికి భయంకరంగా ఉంటుంది, అందువల్ల మనం దాన్ని ఆపాలని చూస్తాం. స్టెంట్ వేసిన తరువాత కూడా చాలా కుక్కలు దగ్గుతూనే ఉంటాయి. స్టెంట్ ఇచ్చేది ఊపిరికి దారి మాత్రమే.

ఆపరేషన్ ఏమి చేయగలదు, ఏమి చేయలేదు

రెండు పద్ధతులున్నాయి. మొదటిది, మెడ కోసి నాళం చుట్టూ బయటినుంచి ప్లాస్టిక్ వలయాలు వేసి, మెత్తబడిన గోడను వాటికి కుట్టడం. ఇది మెడ భాగానికే పనికివస్తుంది, ఛాతీలోపల కుంగిన దానికి పనికిరాదు. నాళం పక్కనే స్వరపేటికకు వెళ్లే నరం ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే స్వరపేటిక తెరుచుకోక ఊపిరి ఆగే పరిస్థితి రావచ్చు, కొన్ని కుక్కలకు మెడలో శాశ్వతంగా రంధ్రం పెట్టవలసి వస్తుంది. రెండోది స్టెంట్. నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ అనే లోహపు జాలీ గొట్టాన్ని మడిచి, కోత లేకుండా నోటి గుండా పంపి, లోపల విప్పుతారు. అది నాళం ఏ భాగంలోనైనా పనిచేస్తుంది, అప్పటికప్పుడు ఊపిరి అందిస్తుంది.

స్టెంట్‌తో వచ్చే ఇబ్బందులను కూడా అంతే స్పష్టంగా తెలుసుకోవాలి. దగ్గిన ప్రతిసారీ ఆ జాలీ వంగుతుంది. వేల సార్లు వంగిన తీగ విరిగినట్టే అది కూడా విరగవచ్చు, అప్పుడు దాని లోపల మరో స్టెంట్ వేయాలి. కొలత చిన్నదైతే జరిగిపోతుంది. చివర్ల దగ్గర కండ పెరిగి దారి మళ్లీ మూసుకుపోవచ్చు. కఫాన్ని పైకి నెట్టే సన్నని నూగు ఆ భాగంలో సరిగా పనిచేయదు కాబట్టి ఇన్‌ఫెక్షన్లు రావచ్చు. ఒకసారి గోడలో కలిసిపోయాక దాన్ని బయటికి తీయడం దాదాపు అసాధ్యం. దగ్గు మందులు జీవితాంతం వాడాలి, కొన్ని నెలలకొకసారి ఎక్స్‌రే తీయించాలి. ఇది జబ్బును నయం చేసే చికిత్స కాదు, ఊపిరాడని కుక్కకు కొన్ని మంచి నెలలో ఏళ్లో ఇచ్చే ఉపశమనం. ఇక చిన్న గొట్టాలు కూడా కుంగి ఉంటే స్టెంట్ వాటిని తెరవలేదు. పెద్ద దారి తెరిచినా లోపలి సందులు మూసుకునే ఉంటాయి. అలాంటి కుక్కకు ఎంత మేలు జరుగుతుందో డాక్టరును సూటిగా అడగాలి.

మత్తు ప్రమాదం గురించి ఒక లెక్క చెబుతాను. 2008లో బ్రిటన్‌లో ప్రచురితమైన పెద్ద పరిశీలనలో మత్తు, నిద్రమందుల వల్ల మరణించిన కుక్కలు మొత్తం మీద 0.17 శాతం. ఆరోగ్యంగా ఉన్నవాటిలో అది 0.05 శాతం, జబ్బుతో ఉన్నవాటిలో 1.33 శాతం. అంటే జబ్బు కుక్కల్లో సుమారు డెబ్బై అయిదింటికి ఒకటి. ఊపిరి దారిలోనే ఇబ్బంది ఉన్న మీ కుక్క ఆ రెండో గుంపులోకి వస్తుంది. ఆ ప్రమాదం పెద్దదా చిన్నదా అన్నది ఎదురుగా ఉన్న మరో దారిని బట్టి ఉంటుంది. రోజూ నీలంగా మారే కుక్కకు అది చిన్నది, బంతాట ఆడుకుంటూ దగ్గే కుక్కకు చాలా పెద్దది.

సర్జన్‌ను అడగవలసినవి

ఈ ఆపరేషన్‌లో అనుభవానికి ఉన్న విలువ మరి దేనికీ లేదు. స్టెంట్ వెడల్పు, నాళం పూర్తిగా తెరుచుకున్నప్పుడు కొలిచిన దానికన్నా సుమారు పది నుంచి ఇరవై శాతం ఎక్కువ ఉండాలి. రెండు చివర్లా, స్వరపేటికకూ నాళం చీలే చోటికీ తగినంత దూరం వదలాలి. కొలతలు ఎలా తీస్తారని అడిగితే మత్తులో గాలి నింపి నాళాన్ని తెరిపించి ఎక్స్‌రే తీస్తామని వివరంగా చెప్పే డాక్టరుకూ, "అన్నిటికీ సరిపోయే సైజు ఉంది" అనే డాక్టరుకూ తేడా మీకే తెలుస్తుంది. ఇప్పటివరకు ఎన్ని చేశారు, వాటిలో ఎన్ని మొదటి నెల దాటలేదు, ఆరు నెలల తరువాత ఎలా ఉన్నాయి అని అడగడానికి మొహమాటపడవద్దు. మంచి సర్జన్లు దానికి నొచ్చుకోరు. ఫ్లోరోస్కోపీ ఉందా, ఆక్సిజన్ పెట్టె ఉందా, మొదటి రెండు రాత్రులు కుక్క పక్కన మనిషి ఉంటాడా లేక తాళం వేసి వెళ్లి ఉదయం వస్తారా అన్నవి కూడా అడగాలి. నా దృష్టిలో చివరి ప్రశ్నకు సంతృప్తికరమైన జవాబు లేకపోతే అక్కడ చేయించకూడదు.

మీ ఊళ్లో ఈ సౌకర్యాలు లేకపోతే మీ డాక్టరు చేతనే రిఫరల్ లెటర్ రాయించుకుని, హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో గానీ, చెన్నై వేపేరిలోని మద్రాస్ పశువైద్య కళాశాలలో గానీ రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. ముందు ఫోను చేసి మీకు కావలసిన పరీక్ష, నిపుణులు ఆ రోజు ఉన్నారో లేదో కనుక్కుని బయలుదేరండి. దూర ప్రయాణమే ఇలాంటి కుక్కకు గండం. రాత్రిపూట, ఏసీ ఉన్న కారులో, డాక్టరు రాసిన మందు ఇచ్చి తీసుకుపోవాలి.

డబ్బు గురించి సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలి. పరీక్షలు, స్టెంట్, మత్తు, రాత్రి బస, తరువాతి ఎక్స్‌రేలు, జీవితాంతం మందులు, అవసరమైతే రెండో స్టెంట్ ఇవన్నీ కలిపి రాతపూర్వకంగా అంచనా అడగండి. మొదటి స్టెంట్‌కు సరిపడా డబ్బు ఉండి, విరిగితే చేయడానికి ఏమీ మిగలని పరిస్థితి అన్నిటికన్నా బాధాకరం. పగలంతా ఇంట్లో ఎవరుంటారు, రోజుకు మూడుసార్లు మాత్ర మింగించగలిగేది ఎవరు అన్నది కూడా డబ్బంత ముఖ్యమైన ప్రశ్న.

వద్దనుకున్నప్పుడు

కుక్కకు గుండె వైఫల్యం ఉన్నా, చిన్న గొట్టాలన్నీ కుంగి ఉన్నా, బాగా ముసలిదై ఉన్నా, ఇంటి పరిస్థితి అనుకూలించకపోయినా ఆపరేషన్ వద్దనుకోవడం నిర్లక్ష్యం కాదు. ఆ నిర్ణయానికి కూడా ఒక ప్రణాళిక ఉండాలి. క్యాలెండరులో మంచి రోజులకు ఒక గుర్తు, చెడ్డ రోజులకు ఒక గుర్తు పెట్టండి. తిండి తినడం, తలుపు దగ్గరికి వచ్చి తోక ఊపడం, పడుకుని నిద్రపోగలగడం అనే మూడింటిలో రెండు లేని రోజును చెడ్డ రోజుగా మేము లెక్కవేశాం. నెలలో చెడ్డ రోజులు ఎక్కువవుతుంటే, మందులు మార్చినా తగ్గకపోతే, డాక్టరుతో దయామరణం గురించి మాట్లాడాలి. ముందు నిద్రమందు ఇచ్చి, అది గాఢంగా నిద్రపోయాక మత్తుమందు ఎక్కువ మోతాదులో ఇస్తారు. ఊపిరాడక గంటలతరబడి కొట్టుకుని పోవడం కన్నా అది ఎంతో మెత్తటి దారి. ఈ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉంది, అయినా చెప్పకుండా ఈ వ్యాసం ముగించడం తప్పు.

ఫ్రిజ్ మీద అంటించవలసిన కాగితం

ఏ నిర్ణయం తీసుకున్నా దాన్ని ఒక కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ కనిపించేచోట అంటించండి. కుక్క బరువు, వాడుతున్న మందులు, రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రి ఫోను నంబరు, అక్కడ ఆక్సిజన్ ఉందో లేదో ముందే కనుక్కున్న సమాచారం దానిలో ఉండాలి. ఆయాసం వచ్చినప్పుడు గట్టిగా పట్టుకోకూడదు, నోట్లో నీళ్లు పోయకూడదు, వేలు పెట్టకూడదు. చల్లటి గదిలోకి తెచ్చి, ఒంటికి మామూలు నీళ్లు తడిపి, ఫ్యాన్ వేసి, అదే సమయంలో మరొకరు కారు తీయాలి. ఆసుపత్రిలో గొంతులో గొట్టం వేసి గాలి ఇవ్వవలసి వస్తే ఒప్పుకోవాలా, అత్యవసరంగా స్టెంట్ వేస్తామంటే ఒప్పుకోవాలా, అందరూ ఊళ్లో లేనప్పుడు ఎవరి మాట చెల్లుతుంది అన్నవి కూడా ఆ కాగితం మీదే ఉండాలి. ఆరు నెలలకొకసారి, ఏ కొత్త పరీక్ష ఫలితం వచ్చినా వెంటనే, దాన్ని తిరగరాయాలి.

మా కాగితాన్ని మేము మూడుసార్లు రాశాం. మొదటిదానిలో "ముందు బరువు" అని మాత్రమే ఉంది. పదో ఏట రాసిన రెండోదానిలో, నీలంగా మారడం రెండోసారి జరిగితే స్టెంట్‌కు సిద్ధమని అందరం సంతకాలు పెట్టాం. పదకొండో ఏట ఎకోలో గుండె బాగా పెరిగిందని తేలాక, మూడో కాగితం మీద మా అమ్మ తన చేతిరాతతోనే ఆ వాక్యం రాసి, మళ్లీ తనే దాని మీద అడ్డగీత గీసి, కింద గుండె మాత్రల వేళలు రాసింది.